చలి ఎక్కువున్న ఊళ్ళో సీటొచ్చిందా? వదులుకునే ముందు చూడాల్సినవి, వెళ్తే చేయాల్సినవి

ఏటా ఫిబ్రవరి, మార్చిలో అమెరికా యూనివర్సిటీల నుంచి అడ్మిట్లు రావడం మొదలవగానే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. "అన్నా, మిన్నెసోటా వచ్చింది, బఫెలో వచ్చింది, కానీ అమ్మ అక్కడ మంచు వద్దంటోంది. టెక్సాస్‌లో ఇంకోటి వచ్చింది, కోర్సు అంత బాలేదు, ఏం చేయమంటావ్?" నేను కొత్తగూడెంలో పుట్టి పెరిగినవాణ్ణి, వేసవి మధ్యాహ్నం ఇంట్లోంచి బయటికి రావడానికే భయపడే ఊరు, మా ఇంట్లో స్వెట్టరు అనేది నానమ్మకి మాత్రమే ఉండేది. అక్కణ్ణుంచి వచ్చి మిన్నియాపొలిస్‌లో మాస్టర్స్ చేసి, ఇప్పటికి ఎనిమిది చలికాలాలు ఇక్కడే గడిపాను. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎంత చలి అన్నది డిగ్రీల్లో చూసి భయపడకండి, రోజుకి ఎన్ని నిమిషాలు ఆ చలిలో నిలబడాల్సి వస్తుందో లెక్కేసుకోండి. మైనస్ 20లో రోజుకి ఆరు నిమిషాలు నడిచేవాడు హాయిగా చదువుకుంటాడు, మైనస్ 5లో రోజూ బస్సు కోసం అరగంట నిలబడేవాడు డిసెంబరు కల్లా ఇంటికి వచ్చేయాలనుకుంటాడు. కింద చెప్పేవన్నీ ఈ నిమిషాలు తగ్గించుకోవడానికీ, తగ్గించలేని నిమిషాలకి సిద్ధపడటానికీ.

మొదటి అడుగు: మీ ఒంటి సంగతి తేల్చుకోండి

ఇది ఎవరూ చెప్పరు, అందుకే మొదట రాస్తున్నాను. సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నవాళ్ళకి చలి తగిలితే నొప్పులు తిరగబెడతాయి, మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ఆస్తమా ఉంటే చల్లటి పొడిగాలికి ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. చల్లనీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారే రేనాడ్స్ అనే ఇబ్బంది కొందరికి ఉంటుంది. థైరాయిడ్ తక్కువున్నా, రక్తహీనత ఉన్నా చలి మామూలు కన్నా ఎక్కువ అనిపిస్తుంది. ఇవి ఉంటే వెళ్ళకూడదని కాదు, డాక్టరుతో మాట్లాడి, మందులు సరిచేసుకుని, ప్రిస్క్రిప్షను చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. సికిల్ సెల్ విషయంలో మాత్రం నేను వెచ్చటి ఊరి కాలేజీనే ఎంచుకోమంటాను, ర్యాంకు కొంచెం తగ్గినా సరే.

రెండో అడుగు: అంకెలు సరిగ్గా చదవడం

"ఉత్తరం అంటే చలి" అని అన్ని ఊళ్ళనీ ఒక గాటన కట్టేస్తారు. నిజానికి చలి వేరు, మంచు వేరు. మిన్నియాపొలిస్‌లో జనవరి పగటి గరిష్ఠం సగటున మైనస్ 5, రాత్రి కనిష్ఠం మైనస్ 13 దగ్గర ఉంటుంది, ఏడాది మొత్తం మీద కురిసే మంచు సుమారు 130 సెంటీమీటర్లు. బఫెలోలో జనవరి పగలు సున్నా దగ్గరే, రాత్రి మైనస్ 7, అంటే చలి తక్కువే, కానీ మంచు ఏడాదికి 240 సెంటీమీటర్ల దాకా పడుతుంది. కారణం పక్కనే ఉన్న ఈరీ సరస్సు. చల్లగాలి ఆ నీటి మీదుగా వస్తూ తేమని పీల్చుకుని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఆంటేరియో సరస్సు దయవల్ల సిరక్యూజ్‌ది కూడా ఇదే కథ. మిషిగన్ రాష్ట్రం పైకొసన హోటన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న మిషిగన్ టెక్‌కి వెళ్తే ఏడాదికి 5 మీటర్లు దాటి పడుతుంది. చికాగోలో మంచు మరీ ఎక్కువ కాదు కానీ గాలి ఉంటుంది, 2019 జనవరి 30న అక్కడ మైనస్ 31 నమోదైంది. అలాంటివి ఎప్పుడో ఒకసారి వచ్చేవి, వాటిని చూసి సీటు వదులుకోకండి. నెలవారీ సగటు చూడండి. అమెరికా వాతావరణ శాఖ ప్రతి ఊరికీ 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ళ సగటులు ఉచితంగా పెట్టింది.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, అమెరికాలో ఫోన్‌లో కనిపించేది ఫారెన్‌హీట్. అక్కడ 32 అంటే మన సున్నా, అక్కడి సున్నా అంటే మన మైనస్ 18. మైనస్ 40 దగ్గర మాత్రం రెండూ ఒకటే. రెండోది విండ్‌చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తెలిసే చలి. మైనస్ 18లో గంటకి 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 28 లాగా ఉంటుంది, అప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. అందుకే రోజూ పొద్దున చూడాల్సింది "ఫీల్స్ లైక్" అని ఉండే అంకె.

మూడో అడుగు: ఇంటి నుంచి క్లాసు దాకా నిమిషాలు లెక్కపెట్టడం

నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఇక్కడే ఉంది. చలి ఊళ్ళో యూనివర్సిటీలు శతాబ్దం పైగా నడుస్తున్నాయి, వాళ్ళు దానికి తగ్గట్టే కట్టుకున్నారు. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో గోఫర్ వే అని సొరంగాలు, గాజు వంతెనల దారి ఉంది, చాలా బిల్డింగులకి బయట అడుగు పెట్టకుండా వెళ్ళొచ్చు. మిన్నియాపొలిస్ డౌన్‌టౌన్‌లో రెండో అంతస్తు ఎత్తులో స్కైవేలు ఉన్నాయి. బఫెలో యూనివర్సిటీ నార్త్ క్యాంపస్‌లో ప్రధాన బిల్డింగులు ఒకదానికొకటి కలిపే ఉంటాయి. కెనడా వెళ్ళేవాళ్ళకైతే ఒట్టావాలో కార్ల్‌టన్ యూనివర్సిటీకి సుమారు 5 కిలోమీటర్ల సొరంగాలున్నాయి.

మీకు సీటొచ్చిన కాలేజీ గురించి అక్కడున్న సీనియర్లని "చలి ఎలా ఉంది?" అని అడగకండి, "అలవాటైపోతుంది రా" అంటారు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి: మీ డిపార్ట్‌మెంట్ ఏ బిల్డింగులో ఉంది? సొరంగం దాని దాకా వస్తుందా? మనవాళ్ళు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ నుంచి బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, రాత్రి పది తర్వాత, ఆదివారం ఎలా? బస్టాపులో అద్దాల షెల్టరు ఉందా? కిరాణాకి ఎలా వెళ్తారు? ఈ జవాబులు వచ్చాక మ్యాప్‌లో నడక దూరం కొలవండి. మంచులో నడక మామూలు కన్నా నెమ్మదిగా సాగుతుంది కాబట్టి మ్యాప్ 10 నిమిషాలంటే 15 అనుకోండి.

మొత్తం మీద బయట గడిపేది రోజుకి 30 నిమిషాల లోపుంటే చలి అనే కారణం పక్కన పెట్టేసి కోర్సు, ఫీజు, ఉద్యోగాలు చూసి నిర్ణయం తీసుకోండి. గంట దాటుతుంటే ఇల్లు మార్చుకుంటే తగ్గుతుందేమో చూడండి. నెలకి వంద డాలర్లు ఎక్కువైనా క్యాంపస్ పక్కన ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే దూరం ఉన్నవాడు చివరికి కారు కొంటాడు, దాని ఇన్సూరెన్సు, రిపేర్లు ఆ వంద కన్నా ఎక్కువే.

నాలుగో అడుగు: అద్దె అగ్రిమెంటులో హీటింగు

ఇండియా నుంచే ఇల్లు మాట్లాడుకునేటప్పుడు "హీట్ అద్దెలో కలిసే ఉందా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. కలిసి లేకపోతే గ్యాస్ హీటింగా, కరెంటుదా అని అడగండి. గోడ అడుగున బిగించి కరెంటుతో నడిచే బేస్‌బోర్డ్ హీటరైతే జనవరి బిల్లు చూసి గుండె ఆగుతుంది. అంతకుముందు అద్దెకున్నవాళ్ళ జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. నా మొదటి ఇంట్లో అద్దె తక్కువని ఒప్పేసుకున్నాం, కిటికీలు పాతవి, సందుల్లోంచి గాలి, నలుగురం ఒకే గదిలో రజాయిలు కప్పుకుని చదివాం. ఓనరుకి ఫోన్ చేస్తే రేపు అనేవాడు. తర్వాత తెలిసింది, చాలా నగరాల్లో ఇంత వేడి ఇవ్వాలని ఓనర్లకి చట్టమే ఉందని. ఉదాహరణకి చికాగోలో సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా, హీటింగు ఓనరు చేతిలో ఉన్న ఇళ్ళలో పగలు కనీసం 68 ఫారెన్‌హీట్, అంటే 20 డిగ్రీలు ఉండాలి. మీ ఊళ్ళో నిబంధన ఏమిటో వెతికి పెట్టుకోండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది, మొహమాటపడకుండా వెళ్ళండి.

సందులకైతే హార్డ్‌వేర్ షాపులో కిటికీకి అంటించే పారదర్శక ప్లాస్టిక్ షీటు దొరుకుతుంది. అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే బిగుసుకుంటుంది. చవక, బాగా పనిచేస్తుంది.

ఎంత చలేసినా గ్యాస్ స్టవ్వు వెలిగించో, ఓవెన్ తలుపు తీసో గది వేడి చేసుకోవద్దు. కుంపటి సంగతి చెప్పనక్కర్లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంట్లో దాని అలారం ఉందో లేదో చేరిన రోజే చూడండి. సెలవులకి ఊరెళ్తే హీటరు పూర్తిగా ఆపేయకండి, 55 ఫారెన్‌హీట్ కన్నా తగ్గించకండి, లేదంటే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పైపు పగులుతుంది, ఖర్చు మీ నెత్తిన పడొచ్చు.

ఐదో అడుగు: బట్టలు, ఏది ఎక్కడ కొనాలి

ఆగస్టులో చేరేవాళ్ళు ఇండియా నుంచి పెద్ద కోటు మోసుకురావద్దు. మన దగ్గర దొరికేవి చాలావరకు మనాలి ట్రిప్పుకి సరిపోతాయి కానీ మైనస్ 20కి కాదు, పైగా సూట్‌కేసు సగం అదే తింటుంది. థర్మల్స్ రెండు మూడు జతలు, ఉన్ని సాక్సులు, ఒక మామూలు జాకెట్టు తెచ్చుకుంటే చాలు. చలికాలంలో మన ఊళ్ళకి టిబెటన్లు వచ్చి అమ్మే స్వెట్టర్లు ఇంట్లో వేసుకోవడానికి చక్కగా పనికొస్తాయి. అక్టోబరు నడిచేలోపు ఇక్కడ కోటు, బూట్లు కొనుక్కోండి. జనవరిలో చేరేవాళ్ళ సంగతి వేరు, మీరు దిగేదే నడి చలికాలంలో. మందపాటి జాకెట్టు, టోపీ, గ్లవ్స్, థర్మల్స్ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెకిన్ బ్యాగు ఒక రోజు ఆలస్యమైతే ఎయిర్‌పోర్టు బయట హవాయి చెప్పులతో, కాటన్ చొక్కాతో నిలబడాల్సి వస్తుంది.

మూడు పొరలు అన్నది సూత్రం. ఒంటిని అంటుకునేది పాలిస్టరో మెరీనో ఉన్నో అయ్యుండాలి, కాటన్ బనియను వద్దు. కాటన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, తడిబట్ట ఒంట్లో వేడి లాగేస్తుంది. కాస్ట్‌కో షాపుల్లో దొరికే 32 డిగ్రీస్ బ్రాండువి, యూనిక్లో వాళ్ళ హీట్‌టెక్ లాంటివి విద్యార్థులకి అందుబాటు ధరలోనే ఉంటాయి. మధ్యలో ఫ్లీసు, అంటే మెత్తగా నూగులా ఉండే జాకెట్టు. పైన గాలి ఆపే కోటు, తొడల దాకా రావాలి, తలకి హుడ్ ఉండాలి. లోపల ఈకలుండే డౌన్ కోటు తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది కానీ లోపలిదాకా తడిస్తే పనిచేయదు, వర్షమూ మంచూ కలిసి పడే ఊళ్ళయితే సింథటిక్ మేలు. చాలామంది జీన్స్ ఒక్కటే వేసుకుంటారు, కాళ్ళకి కూడా థర్మల్ ఉండాలి.

బూట్ల దగ్గర డబ్బు ఆదా చేయకండి. కోటు సెకండ్‌హ్యాండ్ అయినా పర్వాలేదు, గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ షాపుల్లో మంచివే దొరుకుతాయి, నా మొదటి కోటు అలా కొన్నదే, నాలుగేళ్ళు వాడాను. బూట్లు మాత్రం కొత్తవి, నీరు లోపలికి రానివి, అడుగు పట్టుండేవి, మందపాటి సాక్సు వేసుకున్నా వేళ్ళు కదిలేలా అర సైజు పెద్దవి తీసుకోండి. బిగుతు బూటులో రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. మన దగ్గర మగవాళ్ళ 8 ఇక్కడ 9 అవుతుంది, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోండి. గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ ఒకచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. చెవులు కప్పే టోపీ కావాలి, మన మంకీ క్యాప్ నిజంగా గొప్ప వస్తువు, సిగ్గుపడకుండా తెచ్చుకోండి.

అమ్మాయిలకి రెండు మాటలు. లోహపు జుంకాలు, ముక్కుపుడక విపరీతమైన చలిలో చర్మాన్ని ఇంకా చల్లబరుస్తాయి, విండ్‌చిల్ బాగా పడిపోయిన రోజు తీసేయండి, లేదా కప్పుకోండి. తలస్నానం రాత్రి చేయండి, పొద్దున తడి జుట్టుతో బయటికెళ్తే నిజంగానే జుట్టు గడ్డకడుతుంది.

ఆరో అడుగు: ఇంటి లోపల

హీటరు గాలి చాలా పొడిగా ఉంటుంది. నిద్ర లేచేసరికి గొంతు ఎండిపోవడం, ముక్కులోంచి రక్తం, తలుపు పట్టుకుంటే షాకు, మడమల పగుళ్ళు, ఇవన్నీ దానివల్లే, కంగారు పడకండి. గదిలో గాలికి తేమనిచ్చే చిన్న హ్యూమిడిఫయర్ కొనుక్కోండి. మరీ మరిగే నీళ్ళతో స్నానం మానేసి, తుడుచుకున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే, లోషన్ రాయండి. కొబ్బరినూనె సీసా మాత్రం 24 డిగ్రీల కిందే గడ్డకడుతుంది, వెడల్పు మూత డబ్బాలో పోసుకోండి.

ఇడ్లీ పిండి పులవదు, పాలు తోడుకోవు. గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచితే రెండూ అవుతాయి. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించండి, చూసుకోకుండా రూమ్మేట్ ఓవెన్ ఆన్ చేస్తే అంతే సంగతులు. తాలింపు వేసేటప్పుడు ఫ్యాన్ వేయండి. కిటికీలన్నీ మూసుంటాయి కాబట్టి పొగకి అలారం మోగుతుంది, కొన్ని బిల్డింగుల్లో అయితే అందరూ మంచులోకి దిగాల్సి వస్తుంది. కోటు, బూట్లు ఎప్పుడూ తలుపు దగ్గరే ఉంచుకోండి.

ఏడో అడుగు: నడక, కారు, సరస్సు

మంచు కన్నా ప్రమాదం దాని కింద కనిపించని ఐసు. నేల తడిగా నల్లగా మెరుస్తుంటే అది నీరు కాదనుకోండి. చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, చేతులు జేబుల్లోంచి తీసి నడవండి. బూట్లకి తొడిగే ఇనుప గొలుసుల లాంటివి దొరుకుతాయి. నేను రెండో ఏడాది ఇలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకుని ఫైనల్స్ ఎడమచేత్తో టైప్ చేశాను.

వేళ్ళు, ముక్కు, చెవులు మొద్దుబారి తెల్లగానో బూడిద రంగులోనో మారితే లోపలికి వెళ్ళండి. రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు. గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎవరైనా బాగా వణికి, తర్వాత మాట తడబడుతూ మగతగా అయిపోతుంటే వెంటనే 911కి ఫోన్ చేయండి.

కారుంటే మొదటి మంచు పడ్డ రోజు ఖాళీ పార్కింగులో బ్రేకు ఎలా జారుతుందో తెలుసుకోండి. పెట్రోలు సగం ట్యాంకు ఎప్పుడూ ఉంచండి, దుప్పటి, పార, జంపర్ కేబుల్స్ డిక్కీలో ఉండాలి. అద్దం మీద మంచు కరగడానికి వేడినీళ్ళు పోయకండి, పగులుతుంది. తుఫానులో చిక్కుకుంటే కారు దిగి నడవకండి. సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసేసి, గంటకి పది నిమిషాలు ఇంజను నడిపి, కిటికీ కొంచెం దించి ఉంచండి. 2022 క్రిస్మస్ అప్పుడు బఫెలో మంచు తుఫానులో నలభై మందికి పైగా చనిపోయారు, కార్లలో ఇరుక్కున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వెళ్ళొద్దని అధికారులు చెప్పిన రోజు వెళ్ళకండి, ఏ పార్టీ అయినా, ఏ షిఫ్టు అయినా.

గడ్డకట్టిన సరస్సు మీద ఫోటోల సంగతి. అదే 2022 డిసెంబరు 26న ఆరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సులో ఐసు విరిగి మనవాళ్ళు ముగ్గురు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నడవడానికి గట్టి కొత్త ఐసు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలంటారు, అది కంటితో చూసి చెప్పలేం. స్థానికులు ఐసు కొలిచి, గుడారాలేసుకుని చేపలు పడుతున్న చోటికి, వాళ్ళని అడిగి మాత్రమే అడుగు పెట్టండి.

ఎనిమిదో అడుగు: చీకటి

చలికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. డిసెంబరులో మిన్నియాపొలిస్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. మన హైదరాబాదులో అతి చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది, ఇక్కడ తొమ్మిది కూడా ఉండదు. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు, ఆ వారం నుంచే ఏదో తెలియని దిగులు మొదలవుతుంది. నిద్ర ఎక్కువవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, క్లాసు ఎగ్గొట్టడం, ఇవి బద్ధకం అనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. దీనికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరుంది, వైద్యం కూడా ఉంది. 10,000 లక్స్ ఉండే లైట్ బాక్సు ముందు పొద్దున లేవగానే అరగంట కూర్చోవడం చాలామందికి పనిచేస్తుంది, కళ్ళ జబ్బు, బైపోలార్ లాంటివి ఉంటే ముందు డాక్టర్ని అడగాలి. విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. మధ్యాహ్నం ఎండ ఉన్న పది నిమిషాలైనా బయట తిరగండి. యూనివర్సిటీ కౌన్సెలింగు మీ ఫీజులో భాగమే, నవంబరులోనే అపాయింట్‌మెంటు పెట్టుకోండి, ఫైనల్స్ దగ్గరికొస్తే దొరకదు. బతకాలనిపించనంత బరువుగా ఉంటే అమెరికాలోనైనా కెనడాలోనైనా 988కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

అమ్మానాన్నలకి: పిల్లలు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడితే "అంత ఖర్చు పెట్టి పంపితే..." అని మొదలుపెట్టకండి. పొద్దున ఏం తిన్నావు, ఇవాళ ఎండ వచ్చిందా, బయటికెళ్ళావా అని అడగండి చాలు.

మార్చిలో ఒకరోజు 10 డిగ్రీలొస్తే అందరూ టీషర్టులేసుకుని తిరుగుతారు, అది చూసి కోటు పెట్టెలో పెట్టేయకండి, ఇక్కడ ఏప్రిల్లో కూడా మంచు పడుతుంది. కానీ షాపుల్లో చలికాలం సరుకు ధరలు తగ్గేది కూడా ఆ మార్చిలోనే. వచ్చే ఏడాదికి కావాల్సిన బూట్లు, గ్లవ్స్ అప్పుడు కొనుక్కోండి. మే నెలలో చదువైపోయి వెళ్ళిపోయే సీనియర్లు కోట్లు, హీటర్లు, లైట్ బాక్సులు ఊరికే ఇచ్చేస్తుంటారు, ఆగస్టులో చేరబోయేవాళ్ళు ఇప్పుడే వాళ్ళ గ్రూపులో చేరి ఒక మాట చెప్పి ఉంచండి.